ద్రాక్షతోటల మధ్య గ్రావెల్ రైడ్ లాంటిది మన ఓరుగల్లు చుట్టూ ఎక్కడ దొరుకుతుంది?

మొరంబాట · హన్మకొండ

అందరికీ నమస్తే. 2023 గ్రావెల్ (మట్టి, కంకర బాటల మీద సైకిల్) ప్రపంచ పోటీల వీడియో మళ్లీ చూశాను. మగవాళ్లలో మొహోరిచ్, ఆడవాళ్లలో నీవియాదోమా గెలిచిన రేసు అది. ఇటలీలో ప్రొసెక్కో అనే వైన్ తయారయ్యే కొండల మధ్య సాగింది. ఒక మెరక ఎక్కితే ద్రాక్ష సాళ్లు, దిగితే మళ్లీ ద్రాక్ష సాళ్లు, మధ్యలో సన్నటి మట్టి బాట. చూసినకొద్దీ అలాంటి చోట తొక్కాలన్న కోరిక పెరుగుతోంది.

ఇటలీ ఇప్పట్లో అయ్యే పని కాదు. అందుకే అడుగుతున్నాను. హన్మకొండ నుంచి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరేలా, ఎత్తుపల్లాలుండి, రెండు పక్కలా పంటలుండి, హైవే అసలు తగలని మట్టి దారి ఎవరైనా తొక్కారా? నాది 40 మి.మీ. టైర్ల గ్రావెల్ సైకిల్. ములుగు రోడ్డు, నర్సంపేట రోడ్డు రెండూ బాగానే తొక్కాను. అవి డాంబర్ రోడ్లు, పైగా టిప్పర్లు పక్కనుంచి వెళ్తుంటే ధ్యాసంతా అద్దం మీదే ఉంటుంది. నాకు కావాల్సింది అది కాదు.

---

కాల్వకట్ట · హుజూరాబాద్

తమ్ముడూ, దారి మీ ఊరి పక్కనుంచే పోతోంది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాల్వ. పోచంపాడు నుంచి మొదలై మొత్తం 284 కిలోమీటర్లు. 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ ఎల్ఎండీ (లోయర్ మానేరు డ్యామ్)లో కలుస్తుంది, అక్కడి నుంచి మళ్లీ హుజూరాబాద్ మీదుగా మీ వైపు వస్తుంది. కట్ట మీద తనిఖీ జీపుల కోసం వేసిన దారి ఉంటుంది. ఎక్కువ భాగం మొరమే. కొన్నిచోట్ల గడ్డి మొలిచి రెండు చక్రాల చాళ్లు మాత్రమే మిగిలాయి. ఆ చాళ్లలో తొక్కడం నాకు చాలా ఇష్టం.

ఒక్క లోటు ఉంది. కాల్వ అన్నాక వాలు దాదాపు ఉండదు. నీళ్లు వాటంతటవే పారాలి కాబట్టి గుట్ట వస్తే చుట్టూ తిరుగుతుంది, లేదంటే గుట్టను కోసుకుని పోతుంది. కాబట్టి నువ్వడిగిన ఎత్తుపల్లాలు కట్ట మీద దొరకవు. దిగి ఊళ్ల బాట పట్టాలి. హసన్‌పర్తి దగ్గర కాల్వ ఎక్కి ఎల్కతుర్తి వైపు తొక్కు. అక్కడ దిగి ముల్కనూరు, వంగర, కొత్తకొండ వైపు తిరుగు. పీవీ నరసింహారావు గారి వంగరే. ఆ పక్కంతా ఎర్రచెల్కలు, గుట్టలు, మామిడి తోటలు. మెరక మీద మెరక వస్తూనే ఉంటుంది.

---

త్రయంబకం · నాసిక్

పుట్టింది కాజీపేటలో, ఉద్యోగం నాసిక్‌లో. గంగాపూర్ డ్యామ్ చుట్టూ, దిండోరి వైపు ద్రాక్షతోటల బాటల మీద ప్రతి శీతాకాలం తొక్కుతాను. ఇక్కడిది ఎలా ఉంటుందో రాస్తాను. వీడియోలో కనిపించేది వేరు, తొక్కితే తెలిసేది వేరు.

మొదటిది, ఇక్కడ ద్రాక్షకు ఏడాదిలో రెండు సార్లు కొమ్మ కత్తిరింపు. వేసవిలో ఒకటి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి. జనవరి నుంచి మార్చి దాకా కోతలు. ఐరోపాలో సెప్టెంబరు, అక్టోబరులో కోస్తే మనకు ఎండాకాలం ముంగిట్లో కోత వస్తుంది. ఆ నెలల్లో బాటలన్నీ ట్రాక్టర్లు, క్రేట్లు మోసే ఆటోలే. దుమ్ము లేస్తూనే ఉంటుంది. రెండోది, తోటల్లో మందు కొట్టడం ఎక్కువ. ట్రాక్టర్ వెనక పెద్ద ఫ్యాను బిగించిన స్ప్రేయర్ వస్తుంటే నేను ఆగి, గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి వచ్చే పక్కకు తప్పుకుంటాను. ఆ తుంపర బాటీల్ మూతి మీద పడితే ఆ నీళ్లు ఇక తాగకూడదు. అందుకే మూతికి తొడుగున్న బాటీలే వాడండి. మీ వైపు పత్తికి, మిర్చికి కూడా మందులు గట్టిగానే కొడతారు. అక్కడా ఇదే జాగ్రత్త.

మన దగ్గర ద్రాక్ష లేదని దిగులు పడాల్సిన పని లేదు. నా చిన్నప్పుడు హైదరాబాద్ వెళ్తుంటే మేడ్చల్, శామీర్‌పేట వైపు రాతి కడీల మీద అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు కనిపించేవి. ప్లాట్లు పడ్డాక చాలావరకు పోయాయి. హైదరాబాద్ ఐదొందల మీటర్ల పైన ఉంటుంది, నాసిక్ ఇంకా ఎత్తు. అందుకే చలికాలం రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. వైన్ ద్రాక్షకు ఆ చల్లదనం కావాలి. వరంగల్ అంత ఎత్తులో లేదు.

---

పాలపిట్ట · వరంగల్

నేను చదువుకునే రోజుల్లో ఇటలీలో ఉన్నాను. టస్కనీలో సియెనా చుట్టుపక్కల తెల్ల మట్టి రోడ్లు తొక్కాను. అక్కడ కళ్లారా చూసి తెలుసుకున్న విషయం ఒకటి చెప్పాలి.

ఆ మట్టి రోడ్లు ఇవాళ అలా ఉన్నాయంటే దాని వెనక జనం పట్టుదల ఉంది. ఒక్కొక్క రోడ్డుకూ తారు పడిపోతోందని 1997లో కియాంటీ ప్రాంతంలోని గయోలే అనే ఊళ్లో పాత సైకిళ్లతో ఒక రైడ్ మొదలుపెట్టారు. పేరు ఎరోయికా. 1987కు ముందు తయారైన సైకిళ్లే తేవాలన్నది దాని నియమం. మట్టి రోడ్లను కాపాడుకోవాలన్నదే అసలు ఉద్దేశం. దాని స్ఫూర్తితోనే 2007లో పెద్ద క్రీడాకారుల రేసు స్ట్రాదె బియాంకె పుట్టింది. ఇప్పుడా రోడ్లను చూడటానికే ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. ఊళ్లలో గదులు అద్దెకిస్తారు, తోటల వాళ్లు తమ సరుకు అక్కడే అమ్ముకుంటారు.

మనకు రామప్ప ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి వెళ్లింది. ప్రొసెక్కో కొండలు అంతకు రెండేళ్ల ముందు, 2019లో అదే జాబితాలోకి వెళ్లాయి. వాళ్ల కొండల మధ్య ప్రపంచ పోటీలు జరిగాయి. మన రామప్ప చుట్టూ, ఘనపూర్ కోటగుళ్ల చుట్టూ ఉన్న బాటలను కూడా మట్టి బాటలుగానే ఉంచి, సైకిల్ దారులని బోర్డులు పెడితే ఎంత బాగుంటుంది!

---

చెల్కరైతు · భీమదేవరపల్లి మండలం

పాలపిట్ట మేడం, మీరు ప్రేమతో రాశారు, కాదనను. కానీ బాటను మట్టి బాటగానే ఉంచాలంటే నేను ఒప్పుకోను.

మా ఊరి నుంచి మా తండాకు పోయే బాట సంగతి చెబుతాను. వానాకాలం వస్తే మధ్యలో రేగడి పట్టీ ఒకటి ఉంటుంది, వంద గజాలు కూడా ఉండదు. అక్కడ ట్రాక్టర్ చక్రం సగం దాకా దిగుతుంది. అంబులెన్స్ అవతలే ఆగిపోతుంది. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మంచం మీద మోసుకుని ఆ పట్టీ దాటించడం నేను చూశాను, మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ బాటకు డాంబర్ పడాలని ఏళ్లుగా అర్జీలు పెడుతున్నాం. సైకిల్ తొక్కడానికి బాగుంటుందని దాన్ని అలాగే ఉంచమని ఎవరడిగినా మా ఊరు ఒప్పుకోదు.

మీరు తొక్కడానికి రండి. మాకు సంతోషమే. రోడ్డు వద్దని మాత్రం అనకండి.

---

పాలపిట్ట · వరంగల్

అన్నా, మీ మాట విన్నాక ఊరికి ఊరికి మధ్య బాట గురించి నేను ఇక ఆ మాట అనను. టస్కనీలో చాలా తోటల ఇళ్లకు కారు వెళ్లే గట్టి దారి ఎలాగూ ఉంది. అక్కడి లెక్క ఇక్కడ పనికిరాదు. అయితే ఒకటి అడుగుతాను. చెరువు కట్టల సంగతేమిటి? వాటి మీద తారు ఎవరికీ అవసరం లేదు కదా?

---

చెల్కరైతు · భీమదేవరపల్లి మండలం

అది నిజమే. కట్ట మీద మొరమే ఉండాలి. కట్ట అంతా మట్టే కదా, నీళ్లు నిండితే, తీస్తే కొంత కుంగుతుంది, కొంత సర్దుకుంటుంది. మట్టి కట్ట అయితే ఎక్కడైనా బుంగ పడితే, నెర్రె విచ్చితే పైనుంచే కనబడుతుంది. వెంటనే మట్టి పోసి తొక్కించవచ్చు. పైన గట్టిగా కప్పేస్తే లోపల జరిగేది కంటికి ఆనదు. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు మా చెరువు పూడిక తీసి, కట్టకు మొరం పోసి రోలర్ తిప్పారు. పూడిక మట్టి మా చెల్కలకు తోలుకున్నాం. ఆ కట్ట మీద ఇప్పుడు బండి, సైకిల్, గొర్ల మంద అన్నీ పోతాయి.

ఒక్క మాట. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దూకుతున్నప్పుడు దాని మీదుగా సైకిల్‌తో దాటాలని చూడకండి. నీళ్లు చీలమండ దాకానే ఉన్నట్టు కనబడతాయి. కింద రాయి మీద పాచి ఉంటుంది.

---

కాల్వకట్ట · హుజూరాబాద్

ఈ మాటే నేను చాలా రోజులుగా అనుకుంటున్నాను. మనకు గ్రావెల్ దారులు ఇచ్చింది నీళ్లే. ద్రాక్ష దేశాల్లో బాటలు తోట సాళ్ల వెంట పోతే, మన బాటలు చెరువు కట్టల వెంట, కాల్వల వెంట, తూముల నుంచి పొలాలకు పోయే గట్ల వెంట పోతాయి. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టారు, పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువు నిండేలా. ఒక కట్ట దిగి వాగు వెంట పోతే ఇంకో కట్ట తగులుతుంది. మ్యాప్‌లో నీలం రంగు మచ్చలను కలుపుకుంటూ పోతే చాలు, రూట్ తయారవుతుంది. ఊళ్ల మధ్య రోడ్లకు తారు పడినా ఈ దారులు మట్టివిగానే ఉంటాయి. ఎవరూ ఉద్యమం చేయాల్సిన పని లేదు.

మెరక అంటావా తమ్ముడూ, కట్ట ఎక్కే చోట చూడు. కింది బాట నుంచి కట్ట మీదికి పొట్టి ఎక్కుడు ఉంటుంది, కాళ్లు వణికిస్తుంది. ముందే చిన్న గేరుకు మార్చుకోవాలి. ఎక్కుతూ మార్చితే చైన్ జారుతుంది.

---

చక్రంపని · కాజీపేట, సైకిల్ మెకానిక్

రూట్ల గురించి పెద్దలు చెప్పారు, నేను టైర్ల గురించి రాస్తాను. మా షాపుకు గ్రావెల్ సైకిళ్లు వస్తే నూటికి తొంభై పల్లేరు కాయల బాధే.

కట్టల మీద నేలకు అతుక్కుని పాకే చెట్టు, పసుపు రంగు చిన్న పూలు. దాని కాయ ఎండితే ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు టైరు తొక్కేసినా ఏం కాదు. దీపావళి దాటి ఎండిందంటే ట్యూబు టైరు కట్ట చివరిదాకా పోదు. దానికి తోడు సర్కారు తుమ్మ. రైతులు కంప కొట్టి బాట పక్కన వేస్తారు. ఆ ముల్లు టైరులో గుచ్చుకుని విరుగుతుంది, బయట ఏమీ కనబడదు. టైరు లోపల వేలు పెట్టి మెల్లగా తడమాలి. గుడ్డ ముక్క తిప్పితే ఇంకా మంచిది, ముల్లు ఉన్న చోట దారం పట్టుకుంటుంది. వేలు కోసుకోదు.

ట్యూబ్‌లెస్ చేయించుకోండి. లోపల పోసే సీలెంట్ పల్లేరు రంధ్రాలను అక్కడికక్కడే పూడుస్తుంది. మన ఎండలకు అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఎండాకాలంలో రెండు నెలలకోసారైనా వాల్వు తీసి చూసి మళ్లీ పోయాలి. సైకిల్‌ను ఊపితే లోపల గలగల చప్పుడు రావాలి. రాకపోతే ఎండిపోయినట్టే.

గాలి ఎంత పెట్టాలని అందరూ అడుగుతారు. డెబ్బై కిలోల మనిషి, 40 నుంచి 45 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరు అయితే నేను 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టమంటాను, వెనక రెండు మూడు ఎక్కువ. రిమ్ము రాయికి తగులుతుంటే కొంచెం పెంచండి. మొరం మీద టైరు ఎగిరెగిరి పడుతుంటే తగ్గించండి. డాంబర్ రోడ్డు మీదలా 80 పెట్టుకుని వచ్చిన వాళ్లు చేతులు తిమ్మిరెక్కి తిరిగి వస్తున్నారు.

ఇంకోటి. మీ సైకిల్‌కు సన్న మూతి ప్రెస్టా వాల్వు ఉంటే ఊళ్లలో పంక్చర్ షాపులో గాలి పట్టరు, వాళ్ల గొట్టం బైకు వాల్వుకే సరిపోతుంది. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది. ఒకటి బ్యాగులో వేసుకోండి. కంప్రెసర్ దగ్గర మాత్రం షాపు అబ్బాయికి ముందే చెప్పండి, బైకు టైరుకు పట్టినట్టు పట్టవద్దని.

---

మొరంబాట · హన్మకొండ

చక్రంపని అన్నా, వాన పడ్డ మర్నాడు తొక్కవచ్చా?

---

చక్రంపని · కాజీపేట, సైకిల్ మెకానిక్

నేలను బట్టి. ఎర్రచెల్క అయితే నీళ్లు త్వరగా ఇంకుతాయి, పూట గడిస్తే గట్టిపడి దుమ్ము కూడా లేకుండా హాయిగా ఉంటుంది. మొరం కట్ట కూడా అంతే. పరకాల వైపు నల్లరేగడిలోకి మాత్రం వెళ్లకండి. బంక మట్టి టైరుకు చుట్టుకుని ఫ్రేముకు టైరుకు మధ్య సందు పూడిపోతుంది. చక్రం తిరగదు. బలంగా తొక్కితే వెనక గేరు వంగి చువ్వల్లో పడుతుంది. ఆ ఒక్క పార్టు మన దగ్గర దొరకడానికి వారాలు పడుతుంది. అలా ఇరుక్కుంటే ఆగి, పుల్లతో మట్టి తీసి, సైకిల్ భుజాన వేసుకుని నడవడమే.

---

ఇప్పపువ్వు · ములుగు

రామప్ప పేరు వచ్చింది కాబట్టి మా వైపు సంగతి. హన్మకొండ నుంచి పాలంపేటకు 65, 70 కిలోమీటర్లు. మొత్తం సైకిల్ మీద రావాలంటే హైవే తప్పదు. సైకిల్‌ను బండిలో వేసుకుని ములుగు దాటాక దిగి తొక్కితే రోజు బాగా గడుస్తుంది. రామప్ప చెరువు కట్ట చూసుకుని ఊళ్ల మీదుగా ఘనపూర్ కోటగుళ్లకు పోవచ్చు. ఫిబ్రవరిలో వస్తే చేన్లలో ఎర్రటి మిర్చి కల్లాలు కనిపిస్తాయి. ఆ ఘాటు ఎలా ఉంటుందంటే, కల్లానికి గాలివాలు పక్క తొక్కితే తుమ్ములు ఆగవు. ముక్కుకు తువ్వాల కట్టుకోండి. చేను గట్టున మోదుగలు కూడా అప్పుడే పూస్తాయి. నా మటుకు నాకు ఏడాదిలో ఆ నెలే మంచిది.

అడవి విషయం వేరు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల లోపలి బాటలు అనుమతి లేకుండా తొక్కకూడదు. అటవీ రేంజ్ ఆఫీసులో ముందు అడగండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. సైకిల్ చప్పుడు చేయదు కాబట్టి మీరు దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, బెదిరి మీదికి వస్తుంది. ఏరుకునే మా వాళ్లే గుంపుగా, మాట్లాడుకుంటూ పోతారు. మేడారం జాతర సంవత్సరంలో అయితే జాతర ముందు నెల రోజులు ఈ వైపు పెట్టుకోకండి, రోడ్లన్నీ బండ్లే.

---

చెల్కరైతు · భీమదేవరపల్లి మండలం

నేనూ కొన్ని చెప్పి ఆపుతాను. మా చేన్ల మధ్యకు వచ్చే వాళ్లందరూ చదవాలి.

తెల్లారక ముందు చేన్ల గట్ల మీదికి రావద్దు. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడతారు. అది నేరం, మనుషులు చచ్చిపోయారు, అయినా కడుతున్నారు. తీగ సన్నం, మోకాలి కంటే కిందుగా ఉంటుంది, లైటు వేసినా కనబడదు. బండ్ల బాట మీద, కట్ట మీద ఉంటే భయం లేదు. మూత్రానికని గట్టు దిగినా బాగా తెల్లారాకే దిగండి.

రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే పక్కనుంచి పోండి. సందు లేకపోతే దిగి నడవండి. చక్రం పోతే గింజ విరుగుతుంది, కొనే దగ్గర మాకు కోత పెడతారు. బాటకు అడ్డంగా డ్రిప్పు పైపు ఉంటే సైకిల్ ఎత్తి దాటించండి. కంప అడ్డం ఉంటే తీసి, దాటాక మళ్లీ అలాగే వేయండి, లేకపోతే పశువులు చేన్లో పడతాయి. గొర్ల మంద ఎదురైతే ఆగండి. మంద కుక్క తొక్కే కాలిని చూసి ఉరుకుతుంది, దిగి సైకిల్ అడ్డం పెట్టుకుని నిలబడితే అది వాసన చూసి పోతుంది.

ఇంకోటి కాస్త కష్టంగా ఉంటుంది, అయినా చెబుతాను. మీరు తొక్కిన గీతను ఫోన్‌లో అందరికీ కనిపించేలా పెడతారు. బండ్ల బాట, కట్ట అందరివీ. పెట్టండి. కానీ ఒక రైతు పిలిచి తన చేను మధ్య నుంచి దారి చూపిస్తే ఆ ముక్కను మాత్రం పెట్టకండి. మీకిచ్చిన దారి అది. రేపు ముక్కూమొహం తెలియని ఇరవై మంది వస్తే అతను ఎవరికని చెప్పుకుంటాడు?

---

త్రయంబకం · నాసిక్

చివరి మాట ఇక్కడ కూడా నిజం. తోట లోపలి బాటలకు గేట్లు పడటం మొదలైంది. అడిగి వెళ్తే తీస్తున్నారు, అడగకుండా వచ్చిన గుంపుల వల్లే అవి పడ్డాయి.

---

మొరంబాట · హన్మకొండ

అందరికీ చాలా థ్యాంక్స్. ప్లాన్ ఇలా వేశాను. వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు హన్మకొండ నుంచి బయల్దేరి హసన్‌పర్తిలో కాల్వ కట్ట ఎక్కుతాం, తెల్లారేదాకా కట్ట మీదే. ఎల్కతుర్తి దగ్గర దిగి మట్టి బాటల మీద ముల్కనూరు, అక్కడ టిఫిన్. ఓపిక ఉన్నవాళ్లు వంగర మీదుగా కొత్తకొండ గుట్టల దాకా. వచ్చేటప్పుడు దేవనూరు, ధర్మసాగర్ వైపు నుంచి రావాలని ఉంది, ఇనుపరాతి గుట్టలు పక్కనే చూసుకుంటూ. ముల్కనూరు నుంచే వెనక్కి తిరిగినా పోనురాను 70 కిలోమీటర్ల పైనే. సంక్రాంతి రోజుల్లో కొత్తకొండ వీరభద్రుడి జాతర ఉంటుంది కాబట్టి ఆ వారం కాకుండా చూసుకున్నాను. ఒక్కొక్కరూ రెండు పెద్ద బాటీళ్ల నీళ్లు తెచ్చుకోవాలి. ఐదారుగురికి మించి వద్దనుకుంటున్నాను, కట్ట మీద ఎదురు బండి వస్తే గుంపు తప్పుకోవడం కష్టం.

చెల్కరైతు అన్నా, ముల్కనూరు నుంచి మీ ఊరి దాకా బండ్ల బాట ఉందా, డాంబర్ మీదే రావాలా?

---

చెల్కరైతు · భీమదేవరపల్లి మండలం

ఉంది. ఊరి చెరువు తూము దగ్గర నుంచి ఎడమకు తిరగాలి. మొన్ననే దంతె పట్టారు, కాస్త గరుకుగా ఉంటుంది. ముందు రోజు ఫోన్ చేయి, ఆ పక్క వరి కోత మిషన్ దిగితే వేరే బాట చెబుతాను.

---

పాలపిట్ట · వరంగల్

నేనూ వస్తాను. గ్రావెల్ సైకిల్ అమ్మేశాను, ఇప్పుడున్నది పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్), 26 అంగుళాల చక్రాలు, రెండంగుళాల టైర్లు. సరిపోతుందా?

---

చక్రంపని · కాజీపేట, సైకిల్ మెకానిక్

బ్రహ్మాండంగా సరిపోతుంది అక్కా. డాంబర్ మీద కొంచెం వెనకబడతారు, మొరం మీద వాళ్ల కంటే మీకే సుఖం. శనివారం సాయంత్రం లోపు షాపుకు తీసుకురండి, ట్యూబుల్లో సీలెంట్ పోసి ఇస్తాను.